వీల్ నట్లు కాలితో తొక్కొద్దు, కొలిచి బిగించండి

పంక్చర్ షాపులో టైరు మార్పిస్తే మనకి కనపడేది రెండే రకాలు. ఒకటి, కంప్రెసర్ గన్ను పెట్టి టర్ర్ర్ మని ఒక్కో నట్టు మీద రెండు సెకన్లు కొట్టేసి "అయిపోయింది సార్" అనేవాళ్ళు, రెండోది ఎల్ స్పానర్ తగిలించి దాని మీదెక్కి ఎగిరేవాళ్ళు. ఇద్దర్లో ఎవరూ కొలవరు. మనం ఇంట్లో స్టెప్నీ మార్చుకున్నా, టైర్లు ముందువి వెనక్కి వెనకవి ముందుకి వేసుకున్నా అదే అలవాటు వచ్చేసింది, ఎంత గట్టిగా బిగిస్తే అంత సేఫ్ అనుకోవడం. కాదండీ బాబూ. లూజుగా ఉంటే చక్రం ఊడిపోతదని అందరికీ తెలుసు, కానీ మరీ టైటు చేసినా వెళ్ళేది అక్కడికే, కాకపోతే కాస్త లేటుగా వెళ్తాం అంతే. మీ కారు మాన్యువల్‌లో వీల్ నట్ టార్క్ (అంటే నట్టుని ఎంత బలంతో తిప్పి బిగించాలో చెప్పే కొలత, న్యూటన్ మీటర్లలో ఉంటది) అని ఒక నంబర్ రాసి ఉంటది, కంపెనీవాళ్ళు అది ఊరికే అచ్చు వేయలేదు.

అసలు ఆ నట్టు చేసే పని ఏంటో తెలిస్తే మిగతాదంతా దానంతటదే అర్థమైపోతది. చాలామంది అనుకునేది ఏంటంటే కారు బరువంతా ఆ నాలుగైదు స్టడ్‌ల మీద, అంటే నట్టు ఎక్కే మరల కడ్డీల మీద, వేలాడుతుంటదని. అలా కాదు. నట్టు తిప్పేకొద్దీ స్టడ్ కంటికి కనపడనంత సన్నగా సాగుతది, సాగింది మళ్ళీ వెనక్కి లాక్కోవాలని చూస్తది కదా, ఆ లాగుడుతో రిమ్మునీ హబ్బునీ (చక్రం తగిలించే కారు వైపు భాగం) ఒకదానికొకటి అదిమి పట్టేస్తది. అలా అదిమి పట్టిన రెండు ఇనప ముఖాల మధ్య రాపిడే బరువుని మోస్తది, బ్రేకు వేసినప్పుడు ఆపుతది, మలుపులో పక్కకి జారకుండా పట్టుకుంటది. 12 మిల్లీమీటర్ల స్టడ్‌ని ఆయిలూ గ్రీజూ లేకుండా పొడిగా 100 న్యూటన్ మీటర్ల దాకా బిగిస్తే ఒక్కో స్టడ్ దగ్గర అదిమే బలం సుమారు 4 టన్నులు వస్తది. నాలుగు నట్లకి ఎంతో మీరే లెక్కేస్కోండి.

ఆ అదుముడు తగ్గితే రిమ్ము హబ్బు మీద చక్రం తిరిగిన ప్రతిసారీ కొద్దికొద్దిగా జరగడం మొదలెడతది, అప్పుడు స్టడ్ అటూ ఇటూ వంగుతూ వంగుతూ అలిసిపోయి ఒకరోజు టక్కున తెగుతది, ఒకటి తెగితే పక్కదాని మీద ఇంకా బరువు పడతది, ఇంక అది ఎంతసేపు ఆగుతది చెప్పండి. ఎక్కువ బిగించినప్పుడు జరిగేది వేరే కథ. స్టడ్ తన హద్దు దాటి సాగిపోయి మళ్ళీ వెనక్కి రాదు, థ్రెడ్ (మర) పాడైపోతది, పట్టు తగ్గిపోతది, బయటికి మాత్రం ఏమీ తెలీదు. అల్లాయ్ రిమ్ము అయితే నట్టు కూర్చునే చోటు నలిగిపోతది. ముందు చక్రాల దగ్గర బ్రేకు డిస్కు రిమ్ముకీ హబ్బుకీ మధ్యలోనే ఇరుక్కుని ఉంటది, ఒక నట్టు ఎక్కువ ఒక నట్టు తక్కువ బిగిస్తే ఆ డిస్కు సమానంగా కూర్చోదు, కొన్నాళ్ళకి బ్రేకు తొక్కగానే స్టీరింగ్ వణకడం మొదలవుతది, మనమేమో డిస్కుని తిట్టుకుంటాం. వీటన్నిటికంటే చిరాకు ఏంటంటే, గన్నుతో చావగొట్టిన నట్టు రాత్రి పూట హైవే మీద మీ దగ్గరున్న చిన్న ఎల్ స్పానర్‌తో ఊడదు. ఇంట్లోవాళ్ళు ఒక్కరే కారు తీసుకెళ్ళినప్పుడు పంక్చర్ అయిందనుకోండి, ఇక వాళ్ళ పరిస్థితి.

కాలితో తొక్కడం లెక్క కూడా చూద్దాం, ఇది పదో క్లాసు ఫిజిక్సే. టార్క్ అంటే బలం ఇంటూ దూరం. 70 కేజీల మనిషి 30 సెంటీమీటర్ల రాడ్డు చివర ఊరికే నిలబడితేనే 70 ఇంటూ 9.8 ఇంటూ 0.3, అంటే సుమారు 206 న్యూటన్ మీటర్లు. ఎగిరితే ఇంకా ఎక్కువ. మీ హ్యాచ్‌బ్యాక్‌కి కావాల్సింది దాంట్లో సగం. అదే చేత్తో అయితే 30 సెంటీమీటర్ల రాడ్డు చివర 34 కేజీల బలం పెడితే 100 వచ్చేస్తది, అంటే మామూలు మనిషి రెండు చేతులతో గట్టిగా లాగితే సరిపోద్ది, ఎక్కి తొక్కాల్సిన అవసరమే లేదు. అలాగని చేతి అంచనానే నమ్ముకోమని కాదు, కూరలో ఉప్పు చేతి అంచనాతో వేస్తే మహా అయితే ఒక పూట తిండి పాడవుతది, ఇది అలాంటిది కాదు.

ఇంక నంబర్ల సంగతి. మారుతి పాత మోడళ్ళలో ఎక్కువగా 85 న్యూటన్ మీటర్లు, కొత్తవాటిలో 100 కనపడతది. హ్యుందాయ్ వాళ్ళు కేజీ మీటర్లలో రాస్తారు, పాతవాటికి 9 నుంచి 11, కొత్తవాటికి 11 నుంచి 13, అంటే 107 నుంచి 127 న్యూటన్ మీటర్లు. హోండా కార్లకి ఎక్కువగా 108, టయోటా చిన్న కార్లకి 103. ఫోక్స్‌వ్యాగన్ పోలో లాంటివాటికి 120, వీటికి అసలు నట్లే ఉండవు, హబ్బులోకి నేరుగా బోల్టులు బిగించాలి. ఇవన్నీ ఒక ఐడియా కోసం చెప్పా అంతే, ఫైనల్ మాట మీ కారు మాన్యువల్‌దే, ఎందుకంటే ఒకే పేరున్న కారుకి కూడా జనరేషన్ మారితే నంబర్ మారుతది. బుక్కు పోయిందంటారా, చాలా కంపెనీల సైట్లలో పీడీఎఫ్ ఫ్రీగానే దొరుకుతది, దింపుకుని ఫోన్‌లో పెట్టేస్కోండి. కేజీ మీటర్‌ని 9.8తో గుణిస్తే న్యూటన్ మీటర్ వస్తది.

అమెరికాలో ఉండి చలికాలం టైర్లు సొంతంగా మార్చుకునే మనోళ్ళకి ఒక్క మాట. అక్కడ టూల్ మీద పౌండ్ ఫుట్ ఉంటది, 1 పౌండ్ ఫుట్ అంటే 1.356 న్యూటన్ మీటర్. ఇండియాలో ఫ్రెండ్ 100 అన్నాడు కదా అని అక్కడ 100 పెట్టేస్తే అది 136 అయిపోతది. ఇక్కడ కొనే రెంచ్‌ల మీద కూడా రెండు స్కేళ్ళూ పక్కపక్కనే ఉంటాయి, ఏది చదువుతున్నారో ఒకసారి చూస్కోండి.

టూల్స్ పెద్దగా ఏమీ అక్కర్లేదు. అర ఇంచీ డ్రైవ్ (సాకెట్ తగిలించే చదరపు మొన) ఉన్న క్లిక్ టైపు టార్క్ రెంచ్ ఒకటి, అంటే మనం పెట్టిన నంబర్ రాగానే టిక్ అనే స్పానర్, దాని రేంజ్ 40 నుంచి 200 దాకా ఉంటే ఇంట్లో కార్లన్నిటికీ వస్తది. మనకి కావాల్సిన నంబర్ ఆ రేంజ్ మధ్యలో పడాలి, మరీ మొదట్లోనో చివర్లోనో పడితే రెంచ్ అంత కరెక్టుగా చూపించదు. ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో అయితే చేత్తో పట్టుకుని చూసి తెచ్చుకోవచ్చు. ఇంక సాకెట్, మారుతి, హోండా వాటికి ఎక్కువగా 19, హ్యుందాయ్, టయోటా వాటికి 21, ఫోక్స్‌వ్యాగన్ బోల్టులకి 17. సాకెట్ లోపల ఆరు మూలలు ఉన్నదే తీసుకోండి, పన్నెండు మూలలది జారి నట్టు అంచులు గుండ్రంగా చేసేస్తది. అల్లాయ్ వీల్స్ అయితే నట్టు లోపలికి ఉంటది కాబట్టి ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ కూడా. విప్పడానికి మాత్రం ఎల్ స్పానరో ప్లస్ స్పానరో వేరే వాడండి, టార్క్ రెంచ్‌తో విప్పొద్దు, అది కొలిచే వస్తువు, దాంతో తుప్పు పట్టిన నట్టు పీకితే లోపలి సెట్టింగ్ పోతది.

టార్క్ రెంచ్ ఇప్పుడే కొనలేం అనుకునేవాళ్ళకి ఒక ఉపాయం ఉంది, ఫ్లైట్ ఎక్కేముందు సూట్‌కేసు తూచే చేతి త్రాసు ఉంటది చూడండి, 50 కేజీల దాకా తూచేది, చాలా ఇళ్ళల్లో ఉండనే ఉంటది. నట్టు మధ్య నుంచి స్పానర్ మీద మీరు త్రాసు కొక్కెం తగిలించే చోటు దాకా టేపు పెట్టి కొలవండి. ఆ దూరం 40 సెంటీమీటర్లు అయితే 100 న్యూటన్ మీటర్లకి 25 కేజీల 500 గ్రాములు లాగాలి, 50 సెంటీమీటర్లు అయితే 20 కేజీల 400 గ్రాములు. కావాల్సిన టార్క్‌ని 9.8తో భాగించి, వచ్చినదాన్ని మీటర్లలో దూరంతో భాగిస్తే కేజీలు వస్తాయి, అంతే లెక్క. స్పానర్‌ని నట్టుకి ఎడమ వైపు అడ్డంగా ఉండేలా తగిలించి త్రాసుతో పైకి లాగండి, అప్పుడే బిగిసే వైపు తిరుగుతది. లాగేది స్పానర్‌కి నిలువుగా ఉండాలి, వాలుగా లాగితే త్రాసు చూపించే నంబర్ అంతా నట్టుకి చేరదు. కొంచెం తంటా పనే, నడుం పట్టేయకుండా మోకాళ్ళు వంచి లాగండి, కానీ కాలితో తొక్కడం కంటే వంద రెట్లు నయం. టార్క్ రెంచ్ ఉన్నవాళ్ళు కూడా ఆ రెంచ్ కరెక్టుగా ఉందో లేదో ఇదే త్రాసుతో అప్పుడప్పుడు చూస్కోవచ్చు, హ్యాండిల్ మధ్యలో తగిలించి లాగి ఎన్ని కేజీల దగ్గర క్లిక్ అందో చూడటమే.

ఇప్పుడు పని మొదలెడదాం. కారు చదును నేల మీద పెట్టండి, సిమెంట్ అయితే మంచిది, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నున్నటి టైల్స్ మీద జాకీ జారుతది, మట్టి నేల మీద జాకీ దిగబడతది, అక్కడ కింద ఒక మందపాటి చెక్క పెట్టాలి. హ్యాండ్‌బ్రేక్ వేయండి, గేర్‌లో పెట్టండి, ఆటోమేటిక్ అయితే పార్క్. ఇక్కడ ఒక విషయం చాలామంది పట్టించుకోరు. మన చిన్న కార్లు దాదాపు అన్నీ ముందు చక్రాలతో నడిచేవే, ముందు చక్రం ఒకటి పైకి లేపితే గేర్‌లో ఉన్నా కారు కదలొచ్చు, ఎందుకంటే డిఫరెన్షియల్ (రెండు పక్కల చక్రాలు వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) వల్ల గాల్లో ఉన్న చక్రం ఉత్తగా తిరిగిపోతది, నేల మీదున్న రెండోదాన్ని గేరు ఆపలేదు. అప్పుడు కారుని ఆపేది వెనక హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే. అందుకే ఎత్తే చక్రానికి ఐమూలగా ఎదురు ఉన్న చక్రానికి ముందూ వెనకా అడ్డం పెట్టడం మర్చిపోవద్దు, గట్టి రాయో చెక్క ముక్కో పెట్టండి, ఇటుక వద్దు, నలిగి పొడి అయిపోతది. కారులో ఎవ్వరూ కూర్చోకూడదు, పిల్లల్ని చుట్టుపక్కల తిరగనీయొద్దు, జాకీ మీదున్న కారు కిందికి చెయ్యి కూడా పోనీయొద్దు.

నట్లు లూజు చేసేది చక్రం నేల మీద ఉండగానే. స్పానర్ రాడ్డు ఎడమ పక్కకి వచ్చేలా తగిలించి కిందికి నొక్కితే ఊడే వైపు తిరుగుతది, మీ బరువు కూడా పనికొస్తది, విప్పడానికైతే కాలు వాడినా ఎవరూ అడగరు, కాకపోతే స్పానర్ జారకుండా పూర్తిగా లోపలికి కూర్చోవాలి. పావు తిప్పో అర తిప్పో తిప్పి వదిలేయండి, పూర్తిగా విప్పొద్దు. తర్వాత జాకీ. కారు కింద అంచు మీద జాకీ పెట్టే చోటు దగ్గర చిన్న గాట్లు ఉంటాయి, అక్కడే పెట్టండి, వేరే ఎక్కడ పెట్టినా రేకు లోపలికి పోతది. టైరు నేలని వదిలి కొంచెం ఖాళీ వచ్చేదాకా ఎత్తితే చాలు, ఆకాశానికి లేపక్కర్లేదు. ఊడదీసిన చక్రాన్ని కారు అంచు కిందికి పడుకోబెట్టి పెట్టండి, జాకీ జారినా కారు దాని మీద ఆగుతది.

చక్రం తీశాక వెంటనే కొత్తది ఎక్కించేయకుండా రెండు నిమిషాలు హబ్బు ముఖం చూడండి. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళలో తిరిగే కార్లకి అక్కడ తుప్పు పొరలు పొరలుగా ఉంటది, హైదరాబాద్ కార్లకి వానాకాలం బురద ఎండి అట్టకట్టి ఉంటది. ఆ చెత్త మీద రిమ్ము కూర్చోబెట్టి బిగిస్తే టార్క్ రెంచ్ క్లిక్ అంటది, మీరు హ్యాపీ, కానీ బిగిసింది ఇనుముకి ఇనుము కాదు, మధ్యలో తుప్పు పొర ఉంది, పది కిలోమీటర్లు తిరిగేసరికి ఆ పొర నలిగిపోయి అదుముడు తగ్గిపోతది. కాబట్టి వైర్ బ్రష్‌తో హబ్బు ముఖం, రిమ్ము వెనక ముఖం గీకేయండి, గుడ్డతో తుడిచేయండి. రిమ్ములకి కొత్తగా పెయింట్ వేయించినవాళ్ళు కూడా చూస్కోండి, నట్టు కూర్చునే చోట మందంగా పెయింట్ ఉంటే అదీ ఇలాగే నలిగి లూజు చేస్తది.

ఇక అన్నిటికంటే పెద్ద గొడవ, స్టడ్‌లకి ఆయిల్ రాయాలా వద్దా. మెకానిక్‌లలో సగం మంది గ్రీజు పూసేస్తారు, తర్వాత ఈజీగా ఊడుతది అని. ఊడుతది నిజమే, కానీ లెక్క చూడండి. మనం రెంచ్‌తో పెట్టే టార్క్‌లో దాదాపు 90 శాతం రాపిడికే ఖర్చయిపోతది, సగం దాకా నట్టు రిమ్ము మీద రుద్దుకునే చోట, మిగతాది థ్రెడ్‌లో. స్టడ్‌ని సాగదీయడానికి పోయేది ఆ చివరి 10 శాతమే. కంపెనీవాళ్ళు ఆ నంబర్ రాసేది పొడి థ్రెడ్‌ని దృష్టిలో పెట్టుకునే. మీరు గ్రీజు పూస్తే రాపిడి తగ్గుతది, రెంచ్ మాత్రం అదే 100 దగ్గర క్లిక్ అంటది, కానీ లోపల స్టడ్ మీద పడేది 4 టన్నులు కాదు, ఐదున్నరో ఆరో అయిపోతది. అంటే కొలిచి బిగించినా ఎక్కువ బిగించినట్టే. మీ మాన్యువల్‌లో ప్రత్యేకంగా రాయమని రాసి ఉంటే తప్ప స్టడ్ మీద, నట్టు కూర్చునే చోట ఆయిలూ గ్రీజూ ఏదీ వద్దు. ఎప్పుడో ఎవరో పూసి ఉంటే పెట్రోల్‌తో తడిపిన గుడ్డ కాదు, బ్రేక్ క్లీనర్ కొట్టి తుడిచేయండి, అది వెంటనే ఆరిపోతది. రిమ్ము హబ్బుకి అతుక్కుపోయి ప్రతిసారీ తన్నాల్సి వస్తుందంటే హబ్బు మధ్యలో రిమ్ము కూర్చునే గుండ్రటి అంచు మీద మాత్రం పల్చగా కొంచెం గ్రీజు రాయొచ్చు, అది స్టడ్‌ల దాకా గానీ డిస్కు మీదకి గానీ పాకకుండా.

నట్టు ఆకారం కూడా చూడాలి. చాలావాటికి ఒక చివర కోను లాగా సన్నబడి ఉంటది, ఆ సన్నటి వైపు రిమ్ము లోపలికి పోవాలి, తిరగేసి పెడితే చక్రం మధ్యకి రాదు. హోండావి కోను కాదు, గుండ్రటి బంతి ముఖం ఉంటది, టయోటాలో కొన్ని అల్లాయ్‌లకి వాషర్‌తో చదునుగా ఉంటది. ఒకదానికి ఇంకోటి వాడితే తగిలేది సన్నటి గీత అంత చోటే, టార్క్ కరెక్టుగా చూపించినా నిలబడదు. బయట మార్కెట్‌లో అల్లాయ్‌లు కొని వేయించుకున్నవాళ్ళు ఇది తప్పకుండా చెక్ చేయండి, పాత నట్లే వాడేశారా, కొత్త రిమ్ముకి సరిపడే నట్లు ఇచ్చారా అని. థ్రెడ్ కూడా అంతే (మొదటి నంబర్ స్టడ్ మందం, రెండోది ఒక మరకీ ఇంకో మరకీ మధ్య దూరం, మిల్లీమీటర్లలో), మారుతివి 12 ఇంటూ 1.25, హ్యుందాయ్, హోండా, టయోటా చిన్న కార్లవి 12 ఇంటూ 1.5. షాపువాడు ఏదో డబ్బాలోంచి ఒక నట్టు తీసి ఇస్తాడు, అది మొదటి తిప్పు ఎక్కుతది, రెండో తిప్పులో బిగుసుకుంటది, గన్ను పెడితే ఇంక స్టడ్ గోవిందా.

అందుకే మొదట ప్రతి నట్టూ చేత్తోనే ఎక్కించాలి, స్పానర్ ముట్టుకోకుండా, వేళ్ళతో కనీసం ఐదారు తిప్పులు హాయిగా తిరగాలి. మధ్యలో పట్టేస్తే వెనక్కి తీసి మళ్ళీ పెట్టండి, బలవంతం వద్దు. మొత్తం ఎన్ని తిప్పులు పడుతున్నాయో కూడా ఓసారి లెక్కపెట్టండి, 12 మిల్లీమీటర్ల స్టడ్‌కి 1.5 థ్రెడ్ అయితే 8 తిప్పులు, 1.25 అయితే 9 నుంచి 10 పడాలి, అంతకంటే తక్కువలోనే కూర్చుంటే స్టడ్ పొడవు చాలట్లేదని అర్థం, మందపాటి అల్లాయ్‌లకీ స్పేసర్లు (హబ్బుకీ రిమ్ముకీ మధ్య పెట్టే బిళ్ళలు) వేసినవాళ్ళకీ ఇదే సమస్య వస్తది.

చేత్తో అన్నీ ఎక్కాక, చక్రం ఇంకా గాల్లో ఉండగానే స్పానర్‌తో మెల్లగా ఒక్కో నట్టూ కాస్త పట్టు దొరికేదాకా బిగించండి, చక్రాన్ని ఓసారి అటూ ఇటూ కదిపి మళ్ళీ కొంచెం బిగించండి. రిమ్ము హబ్బుకి మధ్యలో సరిగ్గా కూర్చునేది ఇప్పుడే, బరువు పడ్డాక కూర్చోదు. వరసగా గుండ్రంగా మాత్రం పోవద్దు. నాలుగు నట్లు ఉంటే ఒకటి, దాని ఎదురుది, తర్వాత పక్కది, దాని ఎదురుది. ఐదు ఉంటే నక్షత్రం గీసినట్టు ఒకటి వదిలి ఒకటి, అంటే 1, 3, 5, 2, 4. ఫార్చ్యూనర్ లాగా ఆరు ఉంటే ఎదురెదురు జంటలుగా. నానో, క్విడ్ లాంటివాటికి మూడే ఉంటాయి, వాటికి ఎదురు అనేదే లేదు కాబట్టి కొంచెం కొంచెంగా మూడు రౌండ్లు వేయాలి.

ఇప్పుడు జాకీ దించండి, కానీ పూర్తిగా కాదు, టైరు నేలకి ఆని తిరగకుండా ఉండేంత వరకే. టార్క్ రెంచ్ మీద ముందు సగం నంబర్ పెట్టి అదే వరసలో ఒక రౌండ్ వేయండి, తర్వాత పూర్తి నంబర్ పెట్టి ఇంకో రౌండ్. రెంచ్ హ్యాండిల్ మధ్యలో పట్టుకోవాలి, తలకాయ దగ్గర ఇంకో చెయ్యి ఆనించి సాకెట్ వాలకుండా చూడాలి, లాగుడు నెమ్మదిగా ఒకే తీరుగా ఉండాలి, కుదుపులు వద్దు. టిక్ అనగానే ఆపేయండి. ఇక్కడే మనోళ్ళకి చెయ్యి ఊరుకోదు, ఇంకో టిక్, ఇంకో టిక్ అని సేఫ్టీకి కొడుతుంటారు, ప్రతి టిక్కుకీ నట్టు ఇంకొంచెం ముందుకి జరుగుతది, అప్పుడు ఆ నంబర్ పెట్టి ఏం లాభం. ఒక నట్టు ఎంతకీ టిక్ అనకుండా తిరుగుతూనే ఉందంటే ఆపేయండి, స్టడ్ సాగుతోంది లేదా థ్రెడ్ పోయింది. తర్వాత జాకీ తీసేసి, బరువంతా చక్రం మీద పడ్డాక చివరిగా ఇంకొక్క రౌండ్, ఇది చెక్ చేయడానికే, నట్టు కదలకుండా టిక్ అనాలి. పని అయ్యాక రెంచ్ స్కేలుని అన్నిటికంటే తక్కువ నంబర్‌కి తిప్పి పెట్టేయండి, 100 మీద వదిలేస్తే లోపల స్ప్రింగు నొక్కుకుని ఉండిపోయి పోను పోను తప్పు చూపిస్తది.

50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి చూడాలి, ఎంత బాగా బిగించినా పెయింటూ దుమ్మూ సర్దుకుని ఒకటో రెండో నట్లు కొంచెం వదులయ్యే ఛాన్స్ ఉంటది, అల్లాయ్‌లకి మరీ. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళేవాళ్ళైతే నార్కట్‌పల్లి దగ్గర టిఫిన్‌కి ఎలాగూ ఆగుతారు, తినేసి వచ్చాక చూడండి, దిగగానే కాదు, బ్రేకుల వేడి తగ్గాలి. అదే నంబర్ పెట్టి లాగితే కదలకుండా టిక్ అంటే ఓకే. కదిలిందంటే ఆ నట్టు వదులైందన్నట్టు, టిక్ అనేదాకా బిగించి ఇంకో 50 కిలోమీటర్లకి మళ్ళీ చూడండి. మళ్ళీ అదే నట్టు వదులైతే బిగిస్తూ కూర్చోకుండా చక్రం విప్పి స్టడ్, రిమ్ము హోలు చూడాలి.

షాపులో టైర్లు మార్పించినా ఇదే పని ఇంటికొచ్చాక చేయొచ్చు, కాకపోతే ఒక తేడా. గన్నుతో 200 దాకా కొట్టిన నట్టు మీద మీరు 100 పెట్టి లాగితే టిక్ అంటది, బాగుంది అనుకుంటారు, అది మీకు చెప్పేది 100 కంటే తక్కువ లేదు అని మాత్రమే. కాబట్టి ఒక్కో నట్టునీ కొంచెం లూజు చేసి మళ్ళీ కొలిచి బిగించాలి, ఒకటి పూర్తయ్యాకే ఇంకోటి, అన్నీ ఒకేసారి లూజు చేయొద్దు. ఇంకా బెటర్ ఏంటంటే షాపులోనే "అన్నా, గన్నుతో ఊరికే ఆనించు చాలు, ఫైనల్ నేను బిగించుకుంటా" అని చెప్పడం. కొందరు అదోలా చూస్తారు, చూడనివ్వండి. లాకింగ్ నట్లు (చక్రం దొంగతనం కాకుండా ప్రత్యేకమైన తాళం ముక్క తగిలిస్తేనే ఊడేవి) ఉన్న కార్లకి అయితే ఆ తాళం ముక్క మీద గన్ను అసలు పెట్టనీయకండి, అది పగిలితే ఆ చక్రం ఊడదీయడం పెద్ద ప్రహసనం, పని అయ్యాక ఆ ముక్క తిరిగి డాష్‌బోర్డ్ అరలో పడిందో లేదో చూస్కోండి, షాపుల్లో ఎక్కువగా మిస్ అయ్యేది అదే.

స్టెప్నీ మామూలు టైరు కంటే సన్నగా ఉండే రకం అయితే దాని మీద రాసిన స్పీడ్ దాటొద్దు, సాధారణంగా 80 ఉంటది, బిగించే పద్ధతి మాత్రం ఏమీ మారదు.

నట్టు వదులైనట్టు ముందే తెలిసే గుర్తులు కొన్ని ఉంటాయి. నెమ్మదిగా పోతుంటే ఒక మూల నుంచి టక్ టక్ అని చప్పుడు, స్పీడ్ పెంచితే స్టీరింగ్ వణకడం, నట్టు చుట్టూ రిమ్ము మీద కొత్తగా మెరిసే గీతలు, లేదంటే నట్టు దగ్గర మొదలై బయటికి చారలుగా పాకిన తుప్పు రంగు. ఇవి కనపడితే ఇంటికెళ్ళి చూద్దాం అనుకోకుండా పక్కకి ఆపి చెక్ చేయండి. ఒక నట్టు ఊడి పడిపోయిందనుకోండి, ఐదు నట్ల కారు అయితే పక్క చక్రం నుంచి ఒకటి తీసి పెట్టి మెల్లగా దగ్గర షాపు దాకా పోవచ్చు, నాలుగే ఉన్న కారుకి ఆ పని వద్దు, షాపువాడినే ఫోన్ చేసి రప్పించుకోండి. స్టడ్ తెగి ఉంటే ఆ ఒక్కటే కాదు, దానికి అటూ ఇటూ ఉన్న రెండూ కూడా మార్పించేయండి, అది తెగాక బరువంతా మోసింది ఆ రెండే కాబట్టి. కొత్త స్టడ్‌లు వేశాక వాటికి కూడా 50 నుంచి 100 కిలోమీటర్ల చెక్ మామూలే.